దాచమని ఇచ్చినవి

మా ముత్తాత వెంకటపతిరాజు గారు ఏడు ఊళ్ల శిస్తు వసూలు చేసి ఎస్టేటుకు కట్టేవారు. తాసీల్దారు కచేరీలో ఆయనకు కుర్చీ వేసేవారు. ఆ ప్రాంతంలో అలా కుర్చీ వేయించుకున్నవారు ముగ్గురేనని మా ఇంట్లో చెప్పుకునేవారు. మిగతా ఇద్దరి పేర్లు మాత్రం ఎవరూ చెప్పేవారు కాదు. మా తాతగారు జగన్నాథరాజు గారు మాకవరపాలెం దగ్గరి మా ఊరికి మునసబు. ఆయన వీధిలోకి వస్తే అరుగుల మీద కూర్చున్నవారందరూ లేచి నిలబడేవారు. మా నాన్నగారు రంగరాజు గారు వస్తే సగం మంది లేచేవారు. నా కోసం ఎవరూ లేవాల్సిన అవసరం రాలేదు. నేను ఆ ఊరు వెళ్లి ముప్పై ఏళ్లు దాటింది.

ఇప్పుడు విజయవాడలో ఉంటున్నాను. జీడిపప్పు ఎగుమతి చేసే ఒక కంపెనీలో, మాకు సరుకు ఇచ్చేవారిని తనిఖీ చేయడం నా ఉద్యోగం. ఇదివరకు పప్పు రంగు, గింజ పరిమాణం, తేమ చూస్తే సరిపోయేది. ఈమధ్య విదేశాల్లో కొనేవాళ్లు ఇంకొకటి అడుగుతున్నారు. ఆ పప్పు ఒలిచిన మనిషి తన ఇష్టంతో వచ్చి ఒలిచిందా, వెళ్లిపోతానంటే వెళ్లిపోగలదా అని. దీనికి ఆధునిక బానిసత్వ నివారణ అని పేరు పెట్టి, మాకు రెండు రోజులు శిక్షణ ఇచ్చి, నలభై ప్రశ్నల ఫారం చేతిలో పెట్టారు. ఆ మాట నాకు అతిగా తోచింది. గొలుసులూ కొరడాలూ మాకు సరుకు వచ్చే నర్సీపట్నంలో ఎక్కడ ఉంటాయి అనుకున్నాను. వేసవి మొదలైన రోజుల్లో బయలుదేరాను.

నక్కపల్లి

హైవే పక్కన తాటిముంజెలు అమ్మే ముసలామె దగ్గర ఆగాను. డజను యాభై రూపాయలు. విజయవాడలో ఎనభై చెబుతారు, పైగా ముదురు కాయలు అంటగడతారు. ఆమె కాయను ఎడమ అరచేతిలో పెట్టుకుని కత్తితో మూడు వేట్లు వేసి, ముంజె చెక్కుచెదరకుండా తీస్తోంది.

"ఏ ఊరు బాబూ మీది?" అని అడిగింది.

మా ఊరి పేరు చెప్పాను. మునసబు జగన్నాథరాజు గారి మనవణ్నని కూడా చెప్పాను.

"ఎవులో బాబూ, నాకు తెల్దు," అంది ఆమె. "బేగి తినెయ్యండి. ఎండకి నీరు ఇంకిపోతే రుసుండదు."

ఆ దారిలో మా కుటుంబం పేరు నేను మళ్లీ ఎత్తలేదు.

మాకవరపాలెం

ఇక్కడ ఒక మెస్సులో భోజనం చేశాను. తొంభై రూపాయలు. ఆవ పెట్టిన పనసపొట్టు కూర, పప్పుచారు, వడియాలు. విజయవాడ వైపు ఊరగాయ లేనిదే విస్తరి ముందు కూర్చోరు. ఇక్కడ ఊరగాయ అడిగితే "కూర బాగునేదా అండి?" అని వడ్డించే అతను చిన్నబుచ్చుకున్నాడు. బాగుందని చెప్పడానికి రెండోసారి కూర వేయించుకోవాల్సి వచ్చింది. మూడోసారి అతనే అడగకుండా వేశాడు.

మెస్సు ముందు నుంచి మా ఊరికి మూడు కిలోమీటర్లు. ఆటోవాడు రెండుసార్లు పిలిచాడు. వెళ్లలేదు. బస్సు కదిలాక కుడివైపు గట్టుమీద ఒకప్పటి మా జీడితోట కనిపిస్తుందని తెలుసు. చూడకూడదనుకుని ఎడమవైపు కిటికీ దగ్గర కూర్చున్నాను. ఆ సమయానికి లేచి కుడివైపుకు వెళ్లి చూశాను. చెట్లు ముసలివైపోయాయి. పిందెలు మాత్రం బాగా పట్టాయి.

బలిఘట్టం దారిలో

నర్సీపట్నంలో బస చేసి, తెల్లవారి బలిఘట్టం వెళ్లి వరాహనది దగ్గర శివుణ్ని చూసుకుని, అదే దారిలో ఉన్న జీడిపప్పు షెడ్డుకు నడిచి వెళ్లాను. యజమాని సత్తిబాబు గారికి యాభై ఐదేళ్లు ఉంటాయి. తెల్లచొక్కా, నుదుట కుంకుమ. గేటు దగ్గరికి ఎదురొచ్చి నమస్కారం పెట్టాడు.

"రండి బాబుగారూ. మీరొస్తన్నారని కంపెనీవోలు సెప్పగానే పేరు సూసి అనుకున్నాను. జగన్నాథరాజు గారి మనవలేనా?"

నేను చెప్పకుండానే ఒకరు ఆ పేరు ఎత్తారు. నడుము ఇంకాస్త నిటారుగా అయిందని ఒప్పుకుంటాను.

షెడ్డులో ఇరవై మంది ఆడవాళ్లు. అందరూ కొండమీది ఏజెన్సీ ఊళ్ల నుంచి వచ్చినవాళ్లే. వెనకాల వరసగా రేకుల గదుల్లో ఉంటారు. కాలితో తొక్కే కత్తెర మిషన్ల మీద గింజను రెండుగా కోసి, పప్పును సూదితో బయటికి తీస్తారు. తొక్కలోంచి నల్లటి జీడి కారుతుంది. అది తగిలితే చర్మం కాలినట్టు అవుతుంది. అందుకని పక్కన గిన్నెలో బూడిద పెట్టుకుని మాటిమాటికీ వేళ్లు ముంచుకుంటారు. ఆ చప్పుడులోనే ముచ్చట్లు, నవ్వులు. గొలుసులేమీ కనిపించలేదు.

ఆఫీసు గదిలో నా కోసం చేతుల కుర్చీ వేశారు. కూర్చోబోతూ పక్కన ఉన్న ఇనప్పెట్టెను చూశాను. ఛాతీ ఎత్తు ఉంటుంది. తలుపు మీద ఇత్తడి పువ్వు, దానికి ఎడమవైపు రేకు విరిగి ఉంది. ఆ రేకును విరగ్గొట్టింది నేనే. అప్పుడు నాకు ఏడేళ్లు.

"గురుతుపట్టినారా?" అన్నాడు సత్తిబాబు గారు. "మీ ఇంటిదే. మీ నాన్నగారు బజార్లో షావుకారికి అమ్మితే, పదేల్ల తరవాత ఆయన కాడ నాను కొన్నాను."

మంచి పెట్టె అని మాత్రం అన్నాను. ఫారం తీశాను.

ఆడవాళ్లను ఒక్కొక్కరినే పిలిపించాను. సత్తిబాబు గారిని బయట ఉండమన్నాను, అది నియమం. ఒక్కొక్కరూ వచ్చి గోడకు ఆనుకుని నిలబడ్డారు. కూర్చోమంటే కూర్చోలేదు. ఏ ప్రశ్న అడిగినా "బాగా సూసుకుంటారు బాబూ" అన్నారు. పన్నెండు మంది అదే మాట అన్నాక మిగతావారిని అడగడం మానేశాను.

పద్నాలుగో ప్రశ్న: కార్మికుల గుర్తింపు కార్డులు యాజమాన్యం అట్టిపెట్టుకుందా? సత్తిబాబు గారిని పిలిచి అడిగాను.

"అబ్బే, అట్టిపెట్టుకోడం ఏటండి! ఆల్లే దాసమని ఇచ్చినారు. గదుల్లో ఎలకలు, వొర్సమొస్తే కారతాది. ఆధార్‌లు అన్నీ మీ పెట్లోనే ఉన్నాయి. బద్రంగా."

నాకు అందులో తప్పు కనిపించలేదు. మా తాతగారి కాలంలో ఊళ్లోవాళ్లు పెళ్లి గిన్నెలూ, పట్టాలూ, వెండి కడియాలూ మా ఇంట్లోనే దాచుకునేవారు. నమ్మకం ఉన్నచోటే దాస్తారు. ఆ సంగతి సత్తిబాబు గారికి కాస్త విపులంగానే చెప్పాను. ఆయన తల వంచుకుని విన్నాడు. పద్నాలుగో ప్రశ్నకు 'లేదు' అని రాసి, పేజీ కింద సంతకం చేశాను.

కుళాయి దగ్గర

బయటికి వచ్చి ఆరబోసిన పచ్చిగింజల దగ్గర నిలబడ్డాను. జీడితోటలో పెరిగినవాణ్నన్న ధీమాతో ఒక గింజను రాయి మీద పెట్టి పగలగొట్టాను. వేళ్లకు జీడి అంటింది. ఆ సంగతి మరిచి మీసం సర్దుకున్నాను. క్షణంలో పెదవి నిప్పు పెట్టినట్టయింది. వెనకవైపు కుళాయి దగ్గరికి పరిగెత్తాను. పరిగెత్తానని రాయడానికి నాకే ఇబ్బందిగా ఉంది, కానీ పరిగెత్తాను.

అక్కడ గిన్నెలు తోముకుంటున్న ఒకామె చెయ్యి అడ్డం పెట్టింది. "నీల్లు పొయ్యకండి బాబూ, ఇంకా మండుతాది. ముందు నూని."

కొబ్బరినూనె సీసా తెచ్చి, గుడ్డకు రాసి ఇచ్చింది. ఆమె పేరు చిలకమ్మ. నలభై ఏళ్లుంటాయి. పొద్దున నేను అడగకుండా వదిలేసిన ఎనిమిది మందిలో ఒకామె.

"మీసానికి కూడా రాసుకున్నారా?" అంది గుడ్డ వంక చూసి. "రేపటికి మూతి బూరిలాగ పొంగుద్ది."

"ఇక్కడి సరుకు ఎలాగుందో రుసి సూసినారే," అని వెనకనుంచి ఇంకెవరో అన్నారు. నలుగురూ నవ్వారు. పొద్దున గోడకు ఆనుకుని నిలబడ్డవాళ్లు వీళ్లేనా అనిపించింది.

సీసా తిరిగి ఇస్తూ ఆమె చేతులు చూశాను. వేళ్ల కొనలు నల్లగా, నున్నగా ఉన్నాయి. గీత అన్నది లేదు.

"ఏలిముద్ర పడదండి," అంది. "రేసన్ కాడ కూడా మిసన్ నొక్కి నొక్కి, ఆకరికి కార్డు సూసి ఇస్తారు." సీసా మూత బిగించి, "మీరు ఆయనకి సుట్టాలు గదా బాబూ. ఒక్క మాట సెప్పి పెడతారా?" అంది.

"నేను ఆయన చుట్టాన్ని కాను. కంపెనీ పంపితే వచ్చాను."

"సేతుల కుర్సీలో కూకున్నారు గదా!"

మాట ఏమిటో చెప్పమన్నాను.

ఆమె భర్త పోయిన ఏడాది చనిపోయాడు. కొండమీద అతను సాగుచేసిన పోడు భూమికి అతని పేరున పట్టా ఉంది. దాన్ని ఎవరి పేరుకు మార్చాలో తేల్చడానికి మర్నాడు ఊళ్లో సభ. మరిది ఆ భూమి తన పేర రాయమంటున్నాడు. వదిన కిందికి వెళ్లిపోయింది, ఇక రాదు అని అందరికీ చెబుతున్నాడట. ఆమె స్వయంగా వెళ్లి నిలబడాలి. వేలిముద్ర పడదు కాబట్టి ఆధార్ కార్డు చేతిలో ఉండాలి.

"మూడుసార్లు అడిగినానండి. సరుకు లారీ ఎల్లిపోనీ, ఇస్తాను అంటన్నారు. లారీ ఎల్లుండి. సభ రేపు."

"నిన్ను వెళ్లనివ్వడం లేదా?"

"ఎల్లమంటారండి. గేటు కూడా తీస్తారు. కార్డు నేకుండా ఎల్లి నానేటి సెయ్యను?"

"దాచమని మీరే ఇచ్చారట కదా."

"ఇచ్చినామండి. ఆయన అబద్దం ఆడనేదు." ఆమె గిన్నె బోర్లించింది. "దాసమని ఇచ్చింది అడిగితే ఇయ్యాల గదా బాబూ. అడిగినా ఇవ్వకపోతే దాన్నేటంటారు?"

నా ఫారంలో దానికి ఒక పేరు ఉంది. శిక్షణలో నాకు అతిగా తోచిన పేరే.

ఇనప్పెట్టె

సత్తిబాబు గారు నా మూతి చూసి మజ్జిగ తెప్పించాడు. చిలకమ్మ కార్డు ఇవ్వమని అడిగాను.

"ఎల్లుండి ఇచ్చెత్తానండి. ఇప్పుడు ఒకర్తికి ఇస్తే ఇరవై మందీ అడుగుతారు."

"అడిగితే ఇవ్వండి."

"ఇచ్చెత్తే పండక్కని ఎల్లినోలు మల్లీ రారండి."

"రాకపోతే రారు. అది వాళ్ల ఇష్టం."

ఆయన గ్లాసు బల్ల మీద పెట్టాడు. "మీకేటి బాబూ, సెప్తారు. లారీకి సరుకు తగ్గితే నా పీక మీద కూకునేది మీ కంపెనీవోలే గదా. బేగి పంపు, బేగి పంపు అని నిన్నొక్క రోజే ఆరు పోన్లు. అది కూడా రాసుకోండి మీ కాయితంలో."

ఆ ఫోన్లు చేసింది నిజంగా మా ఆఫీసే. నలభై ప్రశ్నల్లో దాని గురించి ఒక్కటీ లేదు. ఫారం వెనకవైపు ఖాళీలో అది రాశాను. తరువాత పేజీ తిప్పి పద్నాలుగో ప్రశ్న ఆయనకు చూపించాను.

"ఇక్కడ 'లేదు' అని రాసి సంతకం పెట్టాను. మా వంశంలో సంతకం పెట్టినదాన్ని కొట్టేసినవాళ్లు లేరు. నేను కొట్టేసి 'ఉంది' అని రాస్తున్నాను. మీరు తీసి ఇస్తే, ఇచ్చారని కూడా రాస్తాను. ఇవ్వకపోతే ఈ షెడ్డు సరుకు మా కంపెనీ తీసుకోదు."

కొట్టేశాను. పక్కన మళ్లీ సంతకం చేశాను. ఆయన నా చేతి వంకే చూశాడు. తరువాత నవ్వాడు, సంతోషంగా కాదు.

"మీ తాతగారు ఇలగ సెయ్యనేదు బాబూ," అన్నాడు.

మొలతాడుకున్న తాళంచెవి తీసి పెట్టె తెరిచాడు. పై అరలో రబ్బరు బ్యాండు వేసిన కార్డుల కట్ట. దాన్ని తీసి బల్ల మీద పెట్టాడు. తరువాత వంగి అడుగు అరలోంచి ఎర్రగుడ్డ మూట తీశాడు. అందులో పసుపుపచ్చగా మారిన పాత కాగితాలు. ఒకటి విప్పి నా ముందు పరిచాడు. ఎకరన్నర మెట్టకు పట్టా. నాకు తెలియని పేరు.

"మా తాత," అన్నాడు. "ఇల్లు కాలిపోతే ఏటవుద్దోనని మీ తాతగారి కాడ దాసుకున్నాడు. తరవాత అడిగినాడట. ఒకసారి కాదు. బద్రంగానే ఉన్నాదిరా, ఎల్లు అన్నారట. కాయితం సేతిలో నేదు, భూమి నాదని ఎవులికి సూపించుకుంటాడు? అలగే మీ ఇంట్లో కంబారిగా ఉండిపోనాడు."

ఏడాది పొడవునా ఒక ఇంటినే అంటిపెట్టుకుని పనిచేసే పాలేరును ఇక్కడ కంబారి అంటారు. మా ఇంట్లో కంబార్లు ఉండేవారని నాకు తెలుసు. వాళ్ల పేర్లు తెలియవు.

"పెట్టె కొన్నాక అడుగు పలక ఎత్తి సూస్తే ఉన్నాది," అన్నాడు సత్తిబాబు గారు. "మీ తాతగారు అబద్దం ఆడనేదు. బద్రంగానే ఉన్నాది."

పొద్దున నమ్మకం గురించి నేను చెప్పినంతసేపూ ఆయన తల ఎందుకు వంచుకున్నాడో తెలిసింది. తనిఖీల్లో అలవాటైన పని చేశాను. పట్టా మీద సర్వే నంబరు నోటుపుస్తకంలో రాసుకున్నాను. ఆయన వద్దనలేదు. చాలాసేపు కార్డుల కట్ట వంక చూసి, తానే తీసుకుని షెడ్డులోకి వెళ్లాడు. నేను చేతుల కుర్చీలోంచి లేచి, గుమ్మం బయట ఉన్న స్టూలు మీద కూర్చున్నాను.

పేరు పిలిచి ఒక్కొక్కరికీ ఇచ్చాడు. ముగ్గురు ఆడవాళ్లు అందుకుని, చూసుకుని, మళ్లీ ఆయన చేతికే ఇచ్చారు.

"మీ కాడే ఉంచండి బాబూ. ఎలకలు నిజంగానే ఉన్నాయి," అంది ఒకామె.

"మరి నన్ను తిట్టించినారేటే!" అన్నాడు సత్తిబాబు గారు.

ఎవరికి వారు తాళం వేసుకునే రేకుపెట్టెలు నెలలోగా గదుల్లో పెట్టించాలని రాశాను. ఆయన సంతకం చేశాడు. ఎలుకల మందు కూడా రాయమన్నాడు. రాశాను.

కొండమీద

మర్నాడు నా దారి ఏజెన్సీలో గింజలు సేకరించే సంత వైపు. అదే బస్సులో చిలకమ్మ ఎక్కింది. రెండు సీట్ల ముందు కూర్చుని, జాకెట్టులో పెట్టుకున్న కార్డును మలుపు మలుపుకూ తడిమి చూసుకుంది. నా మూతి ఆమె చెప్పినట్టే బూరెలా పొంగింది. కండక్టరు రెండుసార్లు చూసి, పళ్లడాక్టరు నర్సీపట్నంలోనే ఉన్నాడు గదండి, ఇటు ఎందుకొస్తున్నారు అన్నాడు.

సంతలో వెదురు బొంగులో కాల్చిన కోడి రెండు వందలు. నూనె చుక్క లేదు, అయినా ముక్క మెత్తగా ఉంది. అడ్డాకులో పెట్టి ఇచ్చారు. పొంగిన పెదవితో తినడం కష్టమైంది, వదిలిపెట్టలేదు. ఇక్కడ పెద్దలను కూర్చోబెట్టి వడ్డించే ఆనవాయితీ కనిపించలేదు. ఎవరు ముందు వస్తే వారికే ఆకు. నేను ఏడోవాణ్ని.

సభ బడి వరండాలో జరిగింది. సంతకు ఎదురుగానే కాబట్టి వెళ్లి వెనక నిలబడ్డాను. ఒక చిన్నవయసు ఉద్యోగిని బల్ల మీద వేలిముద్ర మిషన్ పెట్టుకుని కూర్చుంది. మరిది ముందు వరసలోనే ఉన్నాడు. చిలకమ్మను చూసి అతని ముఖం మారింది.

మిషన్ పది వేళ్లనూ ఒప్పుకోలేదు. ఉద్యోగిని గుడ్డతో తుడిచి మళ్లీ పెట్టించింది.

"వేళ్లకేమైందమ్మా?"

"జీడి."

"కిందికి ఎల్లిపోనోలకి ఇక్కడ భూమెందుకండి?" అన్నాడు మరిది.

"ఎల్లింది పనికి రా, ఎగిరిపోనేదు," అంది చిలకమ్మ. కార్డు తీసి బల్ల మీద పెట్టింది. ఉద్యోగిని ఫొటో చూసి, ఆమెను చూసి, "ఇది నువ్వేనా?" అంది.

"మరెవులు?"

ఊరి పెద్ద ఒకాయన గట్టిగా నవ్వి, "ఆ నోరు దానిదేనమ్మా, రాసుకో," అన్నాడు. భర్త పేరు పక్కన ఆమె పేరు రాశారు. మరిది చెప్పులు వేసుకుని వెళ్లిపోయాడు.

సాయంత్రం కిందికి దిగే బస్సు దగ్గర ఆమె మళ్లీ కనిపించింది, సంచీతో సహా.

"ఊళ్లో ఉండవా?" అని అడిగాను.

"రేపు లారీ గదండి. కోసిన గింజ మజ్జిలో ఒదిలీసి వొచ్చినాను."

"కార్డు?"

"నా కాడే ఉంటాది," అంది. "ఎలకలొస్తే అప్పుడు సూద్దాం."

విజయవాడ

పెదవి మీద పొర వారానికి ఊడిపోయింది. నివేదిక ఇచ్చాను. ఫోన్ల సంగతి మా ఆఫీసులో ఎవరికీ నచ్చలేదు, కానీ కాగితంలోంచి తీసేయమని అడగలేదు. లారీల గడువు పెంచుతామన్నారు. పెంచిన రోజున నమ్ముతాను. ఆ ఫారం మాత్రం నాకు ఇప్పుడు అతిగా తోచడం లేదు. మరో మూడు ఊళ్లకు అదే పట్టుకుని వెళ్లాను. చేతుల కుర్చీ వేస్తే స్టూలు అడుగుతున్నాను.

నర్సీపట్నం నుంచి తిరిగి వచ్చిన ఆదివారం, మా నాన్నగారు పొలం అమ్మినప్పటి దస్తావేజు నకలు బీరువాలోంచి తీశాను. నోటుపుస్తకం పక్కన పెట్టుకుని చూశాను. సర్వే నంబర్ల పట్టికలో నాలుగో వరస ఎర్రగుడ్డ మూటలోని పట్టాదే. మెట్ట, ఎకరం యాభై సెంట్లు. మా నాన్నగారు దాన్ని మా పద్దెనిమిది ఎకరాలతో కలిపి ఒకే రిజిస్ట్రేషన్‌లో అమ్మారు.